కొండలయ్య బస్సుకు ఎండ తగలకూడదు

మా డ్రైవరు కొండలయ్య ఎండలో బస్సు ఆపడు. పెళ్లికొడుకు బాసికంతో సహా అడ్డం పడినా, పోలీసు టోపీ తీసి ఊపినా, ఓనరు రామనారాయణ గారే రోడ్డు మధ్యలో నిలబడి కేకలేసినా సరే, నీడ ఉంటే బండి ఆగుతుంది, లేకపోతే పోతుంది. అంతే. దాని మీద అప్పీలు లేదు.

నేను ఆ బస్సుకు కండక్టరుని. నా పేరు మస్తాన్. బొగ్గుతో బస్సులు నడిచే కాలం అయిపోతుండగా ఉద్యోగంలో చేరాను. ఆత్మకూరు నుంచి కలిగిరి, దుత్తలూరు మీదుగా ఉదయగిరి దాకా ఏళ్ల తరబడి ఆయన పక్కన తిరిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. కొండలయ్యతో ఒక్క ఎండాకాలం పనిచేసి చూడండి, మీ ముక్కు మీదికి కూడా వస్తుంది.

ఇప్పుడు నన్ను నెల్లూరులో టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టారు. పైన రేకులు, చుట్టూ సిమెంటు. ఈ వీధిలో ఒకప్పుడు రెండు పక్కలా చెట్లుండేవని ముసలివాళ్లు చెబుతారు. ఇప్పుడు కరెంటు స్తంభాలున్నాయి. పొద్దు గూకి దీపాలు వెలిగించాక కూడా ఇక్కడ గోడకు వీపు ఆనించలేం. చొక్కా ఒంటికి అతుక్కుపోయినప్పుడల్లా నాకు కొండలయ్య గుర్తొస్తాడు. గుర్తొచ్చి ముందు ఆయన్ని నాలుగు తిట్లు తిట్టుకుంటాను. తరవాత బెంగ పడతాను. ఇన్నేళ్లయినా ఆ వరుస మాత్రం మారలేదు.

మా బస్సు స్టాపులు బోర్డులు ఉన్న చోట ఉండేవి కావు. కలిగిరిలో పొద్దున పూట స్టాపు వేపచెట్టుకు పడమటి పక్క, మధ్యాహ్నం తూర్పు పక్క. నీడ ఎటు జరిగితే స్టాపు అటు జరుగుతుంది. ఆ సంగతి తెలిసిన వాళ్లు తెలివిగా ముందే పోయి చెట్టు కింద కూర్చునేవాళ్లు. తెలియని వాళ్లు బోర్డు దగ్గర నిలబడి, బస్సు తమ ముందు నుంచే పోతుంటే, గంపలు, గుడ్డల మూటలు, కోళ్లు పట్టుకుని వెనక పరుగెత్తేవాళ్లు. తిట్లన్నీ నాకే తగిలేవి. ఎందుకంటే వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడేది నేను.

ఒకసారి దుత్తలూరు దగ్గర ఎవరో కొత్తగా వచ్చిన గుమాస్తా గొడుగు వేసుకుని బోర్డు కింద నిలబడ్డాడు. బండి ఆయన్ని దాటి, చాలా దూరం పోయి, చింతచెట్టు కింద ఆగింది. ఆయన రొప్పుతూ వచ్చాడు.

"ఏమయ్యా డ్రైవరూ! నీకు నీడే గదా కావాల్సింది? గొడుగేసుకోనే నిలబడి ఉండానే! ఎందుకు ఆపలా?"

కొండలయ్య గొడుగును పైకీ కిందికీ చూశాడు. "ఆపుదామనే అనుకున్నానయ్యా. నా బండి దాని కింద పట్టలా" అన్నాడు.

ఇక మబ్బు పట్టిన రోజు మా అవస్థ చెప్పనలవి కాదు. ఆ రోజు ఊరూ వాడా అంతా నీడే కదా! ఎవరు చెయ్యెత్తితే అక్కడ ఆపేవాడు. గొర్రెల్ని తోలుకునేవాడు ఈగల్ని అదిలించినా ఆపేవాడు. "ఏం పెద్దాయనా, వస్తావా?" "నేనా? నేను రాలా." "మరి చెయ్యెందుకు ఎత్తినావు? సరే, వచ్చేటప్పుడన్నా ఎక్కు." ఇలా ఆగి ఆగి, మామూలుగా మధ్యాహ్నం చేరే బండి మబ్బు రోజున దీపాల వేళకు ఉదయగిరి చేరేది. ఎండ కాస్తే కాస్తుందని జనం ఏడ్చేవాళ్లు, మబ్బు పడితే బస్సెక్కిన వాళ్లు ఏడ్చేవాళ్లు.

మిషను బళ్లో పంతులమ్మ ఎస్తేరమ్మ ఒకసారి పట్టలేక అడిగింది. "కొండలయ్యా, మనుషులు నడవలేక చస్తా ఉంటే చెట్టు దాకా తోలుకుపోతున్నావే, నీకు పాపం రాదంటయ్యా?"

"మనుషులు నడవగలరమ్మా. అమ్మాయికే, ఎండలో నిలబెడితే ఒళ్లు కందిపోతాది."

అమ్మాయంటే బస్సు. మా బస్సును ఆయన ఇంకో మాటతో పిలవగా నేను వినలేదు. పొద్దున్నే తడిగుడ్డతో దాని మొహం తుడిచేవాడు. గతుకులో పడితే "దెబ్బ తగిలిందా అమ్మాయీ" అనేవాడు. ఆ గతుక్కు తలలు పైకప్పుకు కొట్టుకుని బొప్పి కట్టిన మమ్మల్ని మాత్రం ఏనాడూ అడగలేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఉదయగిరి ఒక ఎత్తు. అక్కడ బస్‌స్టాండు బజారు నడిమధ్యన ఉంటుంది. నేలంతా బండపరుపు. చుట్టూ అంగళ్లు, నెత్తిన ఆకాశం, మచ్చుకైనా చెట్టు లేదు. పైగా పక్కనే కొండ. పొద్దంతా తాను కాగి, సాయంత్రం ఆ వేడి ఊరి మీదికి వదులుతుంది. ఆ స్టాండులోకి మా బస్సు అడుగు పెట్టేది కాదు. ఊరి మొదట్లో బావి దగ్గర చింతచెట్లున్నాయి, అక్కడే ఆగిపోయేది. ఊళ్లోకి పోవాల్సిన వాళ్లు దిగి నడవాలి, ఊళ్లోంచి వచ్చే వాళ్లు నడిచొచ్చి ఎక్కాలి. "ఉదయగిరి బస్సు అన్ని ఊళ్లకూ పోతాది, ఒక్క ఉదయగిరికి తప్ప" అని జనం ఎగతాళి చేసేవాళ్లు.

చింతచెట్ల కింద మజ్జిగ కుండ పెట్టుకున్న శీనమ్మ మాత్రం కొండలయ్యను చల్లగా ఉండాలని దీవించేది. స్టాండులో టీ హోటలు పెట్టుకున్న వెంగయ్య అంతకు అంత శాపనార్థాలు పెట్టేవాడు. బస్సు వస్తుందనే ధైర్యంతోనే అక్కడ రేకులు దించి, బల్లలు చేయించాడు పాపం. బస్సు రాలేదు. మధ్యాహ్నం ఎండ తిన్నగా హోటల్లోకి కొట్టేది, ఆ బల్లల మీద ఈగలు కూడా వాలేవి కావు.

వెంగయ్య మంటకు ఇంకో కారణం కూడా ఉంది. కొండలయ్య ఎక్కడో వాగు పక్క నుంచి కానుగ మొక్కలు తెచ్చి, స్టాండులో బండలు పెకలించి, సరిగ్గా హోటలు ఎదురుగా నాటాడు. కానుగైతే మేకలు ముట్టవు. అయినా చుట్టూ తుమ్మకంప కట్టాడు. మరి నీళ్లు? దానికి ఆయనే ఒక ఆచారం పెట్టాడు. చింతచెట్ల కింద బస్సు దిగి ఊళ్లోకి పోయే ప్రతి మనిషి చేతిలో ఒక చెంబు పెట్టేవాడు.

"ఎట్టా ఊళ్లోకే గదా పోతా ఉండావు. బావిలో ముంచుకోని, దోవలో ఆ మొక్క మొదట్లో పోసిపో."

"చెంబు ఎవరికియ్యాల?"

"వెంగయ్య హోటల్లో పెట్టిపో. ఆయన పంపిస్తాడు."

ఆయన పంపిస్తాడట! వెంగయ్య బల్లల మీద మనుషులకు బదులు చెంబులు వరసగా కూర్చునేవి. సాయంత్రం వాటిని తెచ్చుకోవడానికి నేను పోతే వెంగయ్య నా మీద లేచేవాడు. "ఏందిరా మస్తానూ, బేరం శీనమ్మకి, చెంబులు నాకా? రేపొక్క చెంబు వచ్చిందంటే కంచరి వాడికి అమ్మేస్తా, చెప్పు మీ వాడికి!" అమ్మలేదు లెండి. అరిచేవాడు, లెక్కగా అందించేవాడు.

ఒక మధ్యాహ్నం నేను ఊళ్లోకి పోయి చూద్దును కదా, ఆరడుగుల కొండలయ్య స్టాండులో నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల నా నడుమంత ఎత్తున్న కానుగ మొక్క కింద, తక్కిన ఒళ్లంతా కణకణలాడే బండ మీద. పరుగెత్తాను.

"అన్నా! ఏమైందన్నా?"

"కాళ్లు ఎండలో ఉండాయా?"

"కాళ్లేంది, నడుం కూడా ఎండలోనే ఉండాది!"

"ఇంకా చాలదన్నమాట" అని లేచి, వీపు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు రూఢి అయింది, ఇది మామూలు పిచ్చి కాదని.

ఆ పిచ్చి వంశంలోనే ఉందని తరవాత తెలిసింది. కొండలయ్య వాళ్లమ్మ పోలేరమ్మ చేజర్ల పక్కన చెరువు కింద పల్లెలో చిన్న కొడుకు దగ్గర ఉండేది. ఆమె ఒక్కసారి ఉదయగిరి రావాలని కొండలయ్య కోరిక. పనిచేసి పనిచేసి ఉదయగిరిలో సొంతంగా ఒక ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లు ఆమె చూడలేదు. ఆత్మకూరులో చేజర్ల మనిషి ఎవరు కనపడినా పట్టుకుని అమ్మకు కబురు చెప్పేవాడు. ఆ మనిషి మళ్లీ కనపడితే స్టీరింగు వదిలి దిగేవాడు.

"అమ్మ ఏమనింది?"

"రానంటాదయ్యా. ఆ స్టాండులో నీడ ఎంత పెరిగిందో అడగమనింది. 'నేను కాళ్లకు ఎండ తగలకుండా పడుకునేంత నీడైనాక చెప్పమను, అప్పుడొస్తా' అనింది."

ఇది వినగానే నాకు ఆ పడుకోవడం ఎందుకో అర్థమైంది. కొలత అన్నమాట! తల్లికి తగ్గ కొడుకు, కొడుక్కి తగ్గ తల్లి అనుకున్నాను.

"అవ్వ నీకంటే పొట్టి గదన్నా. నువ్వు పడుకోని కొలిస్తే ఎట్లా?" అన్నాను ఒకసారి.

"పొట్టిదే. కానీ మూటొకటి తెస్తాదిరా. ఎండుచేపలు. అది కూడా నీడలో ఉండాల గదా."

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. "సెలవు పెట్టి నువ్వే పోయి చూసి రారాదా?" అన్నాను. "పోతానే ఉండాను. నేను పోతే నాలుగు ముద్దలు తిని వచ్చే చుట్టాన్ని. నేను కట్టిన ఇంట్లో అమ్మ ఒక్క పూట నిద్రపోయి లేస్తే చాల్రా, మస్తానూ" అన్నాడు. ఆ తరవాత కలిగిరి దాకా హారను కూడా కొట్టలేదు. అంత పెద్ద మనిషి తల్లి కోసం అలా మొహం వాచిపోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

కానుగలు మనిషి ఎత్తు దాటిన ఏడాది ఎండాకాలంలో ముప్పు వచ్చి పడింది. వెంగయ్య ఆత్మకూరు వెళ్లి ఓనరు రామనారాయణ గారి దగ్గర గట్టిగా మొర పెట్టుకున్నాడు. ఆయన బస్సు బయల్దేరబోతుంటే వచ్చి నిలబడ్డారు.

"కొండలయ్యా, నీ చాదస్తం ఇన్నాళ్లూ ఓర్చుకున్నా. రేపట్నించి బండి ఉదయగిరి స్టాండులో ఆగాల. ఆపకపోతే తాళం మస్తాన్ చేతిలో పెట్టి ఇంటికి పో. ఇంకో డ్రైవర్ని మాట్లాడి పెట్టినా."

"అయ్యా, మధ్యాహ్నం పూట ఆ బండల మీద..."

"అదేమీ నాకు చెప్పబాక. స్టాండంటే స్టాండే."

కొండలయ్య బండెక్కి స్టార్టు చేశాడు. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. ఉద్యోగం పోతే పని వెతుక్కుంటూ ఉదయగిరి వదలాలి. ఆయన వదిలితే ఆ మొక్కలకు చెంబు నీళ్లు పోసే దిక్కుండదు. మొక్కలు ఎండితే వాళ్లమ్మ రాదు. ఆయన భార్య నాగులమ్మ కూడా ఆ రాత్రి మొగుడు అన్నం సరిగా తినలేదని మర్నాడు నా మీద కళ్లెర్రజేసింది, నేనేదో పులుసులో ఉప్పు మరిచినట్టు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు చింతచెట్ల దగ్గర ఆగలేదు. చరిత్రలో మొదటిసారి ఉదయగిరి బస్సు ఉదయగిరి వచ్చింది! అంగళ్లవాళ్లు బయటికొచ్చి చూశారు. ఆ కబురు ముందే పాకింది కాబట్టి, మిషను ఆస్పత్రి నుంచి వచ్చిన ఆడవాళ్లు, బిడ్డల తల్లులు, ముసలివాళ్లు అప్పటికే స్టాండులో బండల మీద నిలబడి, కాళ్లు కాలి ఈ కాలు ఆ కాలు మారుస్తున్నారు. వెంగయ్య పెళ్లివారిని పిలిచినట్టు రెండు చేతులూ చాపి "రావాల, రావాల" అన్నాడు.

కొండలయ్య ఆపలేదు. స్టాండులో ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. పొద్దు వైపు చూశాడు, జనం వైపు చూశాడు. చివరికి బండిని తెచ్చి, స్టాండుకు అడ్డంగా, హోటలుకు ఎదురుగా, గోడ కట్టినట్టు నిలబెట్టాడు. పొద్దు పడమర ఉంది. బండి నీడ ఇటు తూర్పు పక్క, ఆ నిలబడిన వాళ్ల మీద, వాళ్ల వెనక వెంగయ్య గుమ్మం మీద పడింది.

"కూర్చోండమ్మా" అన్నాడు దిగి.

కూర్చున్నారు. చివరన ఒక బాలింత మాత్రం నీడ చాలక బిడ్డకు కొంగు పట్టుకుని నిలబడింది. కొండలయ్య మళ్లీ ఎక్కి, బండి స్టార్టు చేసి, మూరెడు ముందుకు జరిపి, దిగి చూసి, ఇంకో జానెడు జరిపి ఆపాడు. అప్పుడు ఆమె కూడా కూర్చుంది.

నేను ఎండలో నిలబడి చూస్తున్నాను. బండి పడమటి పక్క రంగు బుడగలు లేస్తోంది. బానెట్టు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది. కొండలయ్య గోనెసంచి తడిపి తెచ్చి దాని మీద కప్పుతున్నాడు. "ఓర్చుకో అమ్మాయీ, కాసేపు ఓర్చుకో" అంటున్నాడు. ఎండ సోకితే కందిపోతుందని ఇన్నేళ్లు దాచుకున్న అమ్మాయిని, తనే తెచ్చి ఎండకు నిలబెట్టాడు. నేను ఇంకో గోనెసంచి తడిపి తెచ్చి ఇచ్చాను. తిట్టుకోకుండా ఆయనకు ఒక పని చేసిపెట్టడం కూడా అదే మొదటిసారి.

ఆ వారంలోనే రామనారాయణ గారు కారులో దిగారు. బజారుకు అడ్డంగా ఉన్న బస్సును చూసి మండిపడ్డారు.

"ఏందయ్యా ఇది? స్టాండులో ఆపమంటే రోడ్డు మూసేస్తావా? నా మీద కసి తీర్చుకుంటా ఉండావా?"

"మీరు చెప్పిన చోటే గదయ్యా ఆపినాను."

"తియ్! ముందు తీసి సక్రంగా పెట్టు!"

అప్పుడు హోటల్లోంచి వెంగయ్య, చేతిలో టీ గ్లాసులతోనే పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా! అయ్యా! బండి కదిలించబాకండి!"

"నువ్వే గదా కంప్లయింటు ఇచ్చింది?"

"ఇచ్చినాను. అప్పుడు బండి రాలేదని ఇచ్చినాను. ఇప్పుడు దాన్ని అక్కణ్నించి తీస్తే, తీసినారని మళ్లా ఇస్తాను. హోటలు పెట్టినాక మధ్యాహ్నం పూట నా బల్లల మీద మనుషులు కూర్చోవడం ఈ వారమే చూస్తా ఉండాను."

మజ్జిగ కుండ ఎత్తుకుని బస్సు వెనకే ఊళ్లోకి వచ్చేసిన శీనమ్మ, నీడలోంచి తన ఇంటికి పిలిచినట్టు పిలిచింది. "ఏందయ్యా, అట్టా ఎండలో నిలబడి అరస్తా ఉండావు? లోపలికొచ్చి అరువు."

రామనారాయణ గారు తెలియకుండానే నీడలోకి అడుగేశారు. మజ్జిగ తాగారు. చుట్టూ కూర్చున్న వాళ్లను, బిడ్డల్ని, బానెట్టు మీద తడిగోనెను చూశారు. ఆయన కోపం కూడా కాస్త చల్లబడింది.

"ముందే చెప్పి చావకూడదా, కొండలయ్యా?" అన్నారు.

కొండలయ్య గోనె మీద ఇంకో చెంబు నీళ్లు చల్లాడు.

"సరే. ఎట్టన్నా పెట్టుకో. రంగు మాత్రం నువ్వే వెయ్యాల" అని కారెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం బావి దగ్గర చెంబులు కడుగుతూ నేను పట్టుకున్నాను. "ఇన్నాళ్లూ నాకు కూడా అబద్ధం చెప్పినావే! బండి కోసం కాదన్నమాట."

"బండిని నిలబెట్టే చోటే గదరా జనం నిలబడేది" అన్నాడు కొండలయ్య. "నువ్వు చేరకముందు, బొగ్గు బండి రోజుల్లో, అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. తిరిగి పోయేనాడు ఆ స్టాండులోనే నిలబడింది. నేను ఆత్మకూరు నుంచి రావాల. దోవలో బొగ్గు సరిగా అంటుకోక, తోసుకుంటా తోసుకుంటా సాయంత్రానికి వచ్చినాను. నాగులమ్మ అప్పటి మా అద్దె ఇంటికి రమ్మని ఎంత బతిమాలినా ఆమె కదలలా. 'నేనట్టా పోతానే, బస్సు ఇట్టా పోతాది' అంటాది. 'డ్రైవరు నీ కొడుకే గదత్తా, నిన్ను వదిలేసి పోతాడా?' అంటే, 'డ్రైవరు నా కొడుకు, బస్సు నా కొడుకా?' అనిందంట. నేను వచ్చేసరికి ఆ బండల మీదే పడిపోయి ఉండాది. వడదెబ్బ."

"అయ్యో..."

"బతికిందిలే. ఆస్పత్రిలో తేరుకోంగానే నన్ను తిట్టింది. చెట్టు మొలిచేదాకా ఈ ఊరికి రానని చెప్పి పోయింది. ఆమె ఒక్కతే కాదురా, జనమంతా అంతే. నీడ కోసం పది అడుగులు పక్కకి పోతే బండి పోతాదని భయం. మన బండి ఏనాడన్నా టైముకి వచ్చి ఏడ్చిందా? చెట్టు కింద కూర్చోండని చెబితే వినరు. చెట్టు కింద తప్ప ఆగదని తెలిస్తే, వాళ్లే పోయి కూర్చుంటారు."

"ఆ మాటే చెప్పకూడదా? అమ్మాయి, కందిపోవడం, ఆ నాటకమంతా ఎందుకు?"

"మీ కోసమే అంటే 'మాకేం గాదులే, ఇక్కడే ఆపు' అంటారు. బండి కోసమంటే తిట్టుకుంటా అయినా నడుస్తారు."

నిజమే. నేను అన్నేళ్లు తిట్టుకుంటూ నడిచాను.

ఆ తరవాత కానుగలకు నీళ్ల కరువు లేదు. వెంగయ్య తన హోటల్లో చెయ్యి కడుక్కునే వాళ్లందర్నీ చెట్టు మొదట్లోనే కడుక్కోమనేవాడు. ఎదుటి అంగడి వాళ్లు చూసి తమ ముందు కూడా గుంటలు తవ్వారు. చెట్లు గుబురు కట్టాయి. ఒకప్పుడు కాలు పెట్టలేని బండల మీద ఆడవాళ్లు ఉత్త కాళ్లతో నడిచిపోవడం చూశాను. మధ్యాహ్నం తలుపులు మూసుకునే బజారు తెరిచి ఉండేది. సాయంత్రం కొండ వేడి వదిలినా, ఆకుల మీదుగా వచ్చేసరికి అది గాలిలాగే ఉండేది. నిజం చెబుతున్నాను, ఆ గాలి ఒక్క పూట ఈ నెల్లూరు రేకుల కిందికి తెచ్చి ఇచ్చేవాడుంటే, నా జీతంలో సగం రాసిస్తాను.

కొండలయ్య మాత్రం పడుకుని కొలవడం మానలేదు. పాదాలు నీడలోకి వచ్చాయి. వేళ్లు మిగిలాయి. మరుసటి ఏడాదికి వేళ్లూ వచ్చాయి. "మూట!" అన్నాడు. మూటకు జాగా వచ్చిన రోజున ఆత్మకూరులో చేజర్ల మనిషిని పట్టుకుని చెప్పిన కబురు స్టాండంతా వినపడింది.

పోలేరమ్మ వచ్చింది. మే నెల, కానుగ పూలు రాలే రోజులు. ఆత్మకూరులో బస్సెక్కిన దగ్గర్నుంచి దారిలో మేం ఆగిన ప్రతి చెట్టునూ తల బయట పెట్టి చూసి, "ఫర్లేదు" అంటూ వచ్చింది. కొండలయ్య చెమటలు కక్కుతూ తోలుతున్నాడు. పరీక్షకు పోయే పిల్లకాయ కూడా అంత భయపడడు.

ఉదయగిరి స్టాండులోకి వచ్చాం. చెట్ల కింద జనం నిండుగా కూర్చుని ఉన్నారు. బండి కూడా పట్టాలంటే వాళ్లు లేవాలి. కొండలయ్య బండిని అవతలికి తిప్పి, నడి ఎండలో ఆపి, దిగి, తల్లి చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి నడిపించాడు. నాగులమ్మ చాప పరిచింది. వెంగయ్య టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. శీనమ్మ మజ్జిగ ముంత పట్టుకుని ఆయనకంటే ముందు నిలబడింది.

అవ్వ చేత్తోనే వాళ్లను పక్కకు జరగమంది. మూట తల దగ్గర పెట్టుకుంది. పడుకుంది. కాళ్లు చాపింది. బజారంతా మెడలు చాచి ఆమె పాదాల వైపు చూసింది. నీడ పాదాలు దాటి, ఇంకా అవతలికి, వెంగయ్య గుమ్మం దాకా ఉంది. ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. కానుగ పూలు రెండు మూడు ఆమె రెక్క మీద రాలాయి.

"చల్లగా ఉండాది రా" అంది.

కొండలయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడో! నేను కూడా అటు తిరిగి టిక్కెట్టు పుస్తకం సర్దుకున్నాను.

ఇంతలో అవ్వ లేచి కూర్చుని, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది. "ఒరే కొండలయ్యా, ఆ బండిని ఎండలో నిలబెట్టినావేందిరా? పాపం, ఒళ్లు కందిపోదా?"

"ఇనప ముండమ్మా అది" అన్నాడు కొండలయ్య. "దానికి ఎండేంది, వానేంది! నువ్వు పడుకో."